సర్క్యులేషన్ పంపును ఎంతలో పెట్టాలి? హీటింగ్ నీటి వేగం వెనకున్న లెక్క

వేడి నీటిని రేడియేటర్లలో తిప్పి గదులను వేడి చేసే ఇంట్లో ఓ మూల గది వేడెక్కడం లేదంటే చాలామంది చెయ్యి ముందుగా పోయేది బాయిలర్ పక్కనున్న సర్క్యులేషన్ పంపు మీదికే. దాని మీద ఒకటి, రెండు, మూడు అని స్పీడులు కనిపిస్తాయి కాబట్టి మూడులో పెడితే వేడి పెరుగుతుందనుకోవడం సహజం. కొత్త పంపుల్లో ఆ స్పీడులతో పాటు గీతల బొమ్మలు, మీటర్లు, వాట్లు, ‘ఆటో’ కూడా చేరాయి. గ్యాస్ బాయిలర్ తీసేసి హీట్ పంపు (బయటి వేడిని కంప్రెసర్‌తో ఇంటి నీటిలోకి తెచ్చే యంత్రం) పెట్టుకునేవాళ్లు వచ్చాక సలహాలు కూడా రెండుగా చీలిపోయాయి. నీరు నెమ్మదిగా తిరిగితేనే పొదుపని ఒకరంటారు, బాగా తిరిగితేనే పొదుపని ఇంకొకరంటారు. ఇద్దరూ తమ తమ సిస్టమ్ విషయంలో నిజమే చెబుతున్నారు. అదెలాగో తెలియాలంటే పంపు చేసే పని ఏమిటో ముందు చూడాలి.

## పంపు నీటిని ఎక్కించదు, తిప్పుతుంది

ట్యాంకుకు నీరెక్కించే మోటారు నీటిని ఎత్తుకు మోస్తుంది. హీటింగ్ పంపు పని అది కాదు. బాయిలర్‌లో వేడెక్కిన నీరు ఫ్లో పైపు గుండా రేడియేటర్లకు, అంటే గదుల్లోని లోహపు పలకలకు పోయి, అక్కడ వేడి వదిలి, రిటర్న్ పైపు గుండా మళ్లీ బాయిలర్‌కే వస్తుంది. ఇదంతా మూసిన చుట్టు. రంకులరాట్నంలో దిగే తొట్టెల బరువు ఎక్కే తొట్టెలను లేపినట్టే, కిందికి దిగే నీటి బరువు పైకెక్కే నీటి బరువుకు సరిపోతుంది. ఇల్లు ఒక అంతస్తైనా మూడంతస్తులైనా ఎత్తు కోసమని పంపు బలం పెంచాల్సిన పని లేదు. పంపు గెలవాల్సింది రాపిడిని మాత్రమే. పైపుల లోపలి గోడలు, వంపులు, వాల్వులు, బాయిలర్ లోపలి సన్నని దారులు నీటిని ఎంత అడ్డుకుంటాయో అంత ఒత్తిడి అది పుట్టించాలి.

ఈ ఒత్తిడినే ‘హెడ్’ అంటారు, మీటర్లలో చెబుతారు. 1 మీటరు హెడ్ అంటే 9.81 కిలోపాస్కల్, అంటే దాదాపు బార్‌లో పదో వంతు. ఇళ్లలో ఎక్కువగా కనిపించే పంపు మీద 25-60 అని ఉంటుంది. 25 అనేది పైపు కనెక్షన్ సైజు, మిల్లీమీటర్లలో. 60 అనేది గరిష్ఠ హెడ్, డెసీమీటర్లలో, అంటే 6 మీటర్లు. ఆ తర్వాత 130 అనో 180 అనో ఉంటే అది పంపు రెండు మూతుల మధ్య పొడవు, మిల్లీమీటర్లలో. పాత పంపు తీసి కొత్తది పెట్టేటప్పుడు మొదట సరిచూసుకునేది ఈ పొడవే.

6 మీటర్లని రాసున్నంత మాత్రాన ఆ పంపు ఎప్పుడూ 6 మీటర్లు ఇవ్వదు. నీరు అసలు కదలనప్పుడు అది చూపగల ఒత్తిడి అది. నీరు కదిలేకొద్దీ పంపు ఇచ్చే హెడ్ తగ్గుతుంది, పైపుల అడ్డు పెరుగుతుంది. ఈ రెండిటినీ రెండు గీతలుగా గీస్తే, అవి కలిసే చోట ప్రవాహం కుదురుకుంటుంది. సెట్టింగ్ మార్చితే పంపు వైపు గీత మారుతుంది. ఎవరైనా ఒక రేడియేటర్ వాల్వు కట్టేస్తే సిస్టమ్ వైపు గీత మారుతుంది. సెట్టింగుల గందరగోళమంతా ఈ రెండు గీతలను ఒకటే అనుకోవడంలో ఉంది.

## ఎంత నీరు తిరగాలి: 860 లెక్క

ఒక లీటరు నీటిని 1 డిగ్రీ వేడి చేయడానికి 1.163 వాట్-అవర్ కావాలి. తిరగేస్తే, ఒక కిలోవాట్-అవర్ వేడి 860 లీటర్ల నీటిని 1 డిగ్రీ పెంచుతుంది. ఇంటికి కావలసిన ప్రవాహాన్ని ఈ ఒక్క అంకెతో కట్టొచ్చు:

గంటకు లీటర్లు = కిలోవాట్లు × 860 ÷ ఫ్లోకూ రిటర్న్‌కూ మధ్య డిగ్రీల తేడా

బాగా చలిగా ఉన్న రోజున 8 కిలోవాట్ల వేడి కావలసిన ఇల్లు తీసుకుందాం. తేడా 20 డిగ్రీలైతే గంటకు 344 లీటర్లు చాలు. 10 డిగ్రీలైతే 688 లీటర్లు. 5 డిగ్రీలైతే 1,376 లీటర్లు. మూడింటిలోనూ ఇంటికి అందే వేడి ఒక్కటే. పంపును పెంచితే నీళ్లు ఎక్కువ తిరుగుతాయి, తేడా తగ్గుతుంది. వేడి పుట్టేది బర్నర్‌లోనో కంప్రెసర్‌లోనో, పంపులో కాదు.

ఇప్పుడు సలహాలు రెండుగా ఎందుకు చీలాయో చూడొచ్చు. రేడియేటర్ ఇచ్చే వేడిని నిర్ణయించేది అందులోని నీటి సగటు ఉష్ణోగ్రత. ఒక ఇంటికి సగటు 60 డిగ్రీలు కావాలనుకుందాం. 20 డిగ్రీల తేడాతో నడిపితే ఫ్లో 70, రిటర్న్ 50. 10 డిగ్రీల తేడాతో అయితే ఫ్లో 65, రిటర్న్ 55. సహజ వాయువుతో నడిచే కండెన్సింగ్ బాయిలర్ పొగలోని ఆవిరిని నీరుగా మార్చి ఆ వేడిని కూడా వాడుకుంటుంది. అది జరగాలంటే రిటర్న్ నీరు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా రావాలి, ఎంత చల్లగా వస్తే అంత లాభం. కాబట్టి కండెన్సింగ్ బాయిలర్‌కు నెమ్మది ప్రవాహమే మంచిది.

హీట్ పంపు లెక్క దీనికి తలకిందులు. అక్కడ ఖర్చు పెంచేది ఫ్లో ఉష్ణోగ్రత. సగటు 40 డిగ్రీలు కావాలంటే 5 డిగ్రీల తేడాతో ఫ్లో 42.5 డిగ్రీలు చాలు. 20 డిగ్రీల తేడాతో అయితే 50 డిగ్రీలకు పోవాలి. ఫ్లో ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ హీట్ పంపు సామర్థ్యం సుమారు 2 నుంచి 3 శాతం పడిపోతుంది. పైగా బయటి యూనిట్ మీద పేరుకున్న మంచును కరిగించేటప్పుడు అది ఇంటి నీటిలోంచే వేడి తీసుకుంటుంది. ఆ కొన్ని నిమిషాలూ ప్రవాహం నిలకడగా ఉండకపోతే యూనిట్ ఫ్లో ఎర్రర్ చూపి ఆగిపోతుంది. అందుకే హీట్ పంపుల మాన్యువల్‌లో ‘కనీస ప్రవాహం’ అనే అంకె ఉంటుంది, దానికంటే కిందికి పోకూడదు.

బాయిలర్‌కు చెప్పిన సలహాను హీట్ పంపు ఉన్న ఇంట్లో పాటిస్తే నష్టమే. దాన్ని తిరగేసినా నష్టమే.

## నీరు రెట్టింపైతే వేడి రెట్టింపవుతుందా

కాదు. 70 డిగ్రీల ఫ్లో, 50 డిగ్రీల రిటర్న్‌తో 20 డిగ్రీల గదిలో పనిచేస్తున్న రేడియేటర్‌కు ప్రవాహాన్ని రెట్టింపు చేశామనుకోండి. ఫ్లో ఉష్ణోగ్రత మారదు. రిటర్న్ 58 డిగ్రీల దాకా ఎక్కుతుంది, రేడియేటర్ ఇచ్చే వేడి మాత్రం సుమారు 15 శాతమే పెరుగుతుంది. అదే ప్రవాహాన్ని సగం చేస్తే వేడి సగం కాదు, దాదాపు 23 శాతం తగ్గుతుంది, రిటర్న్ 39 డిగ్రీలకు దిగుతుంది. ఆ అదనపు 15 శాతానికి పంపు ఇచ్చే మూల్యం పెద్దది. ప్రవాహం రెట్టింపైతే రాపిడి నాలుగింతలవుతుంది, నీటిని తిప్పడానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది.

నీరు మరీ వేగంగా పోతే రేడియేటర్‌లో వేడి వదలడానికి సమయం చాలదని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. ఒక్కో లీటరూ తక్కువ వేడి వదిలి పోతుంది, నిజమే. అయితే నిమిషానికి పోయే లీటర్లు పెరిగాయి, రేడియేటర్ సగటున ఇంకా వేడిగా ఉంది, కాబట్టి మొత్తం మీద గదికి అందే వేడి ఏమాత్రం తగ్గదు. ఈ మాట పుట్టడానికి కారణం వేరే ఉంది. పంపు పెంచగానే దగ్గరి రేడియేటర్ల గుండా నీరు ఇంకా సులువుగా బాయిలర్‌కు మళ్లిపోతుంది. రిటర్న్ వేడెక్కడం చూసి బాయిలర్ తన మంట తగ్గించుకుంటుంది లేదా ఆగిపోతుంది. దూరపు గది చల్లగానే ఉండిపోతుంది. చూసినవాళ్లకు వేగమే వేడిని ఎత్తుకుపోయినట్టు అనిపిస్తుంది.

## హెడ్ ఎంత కావాలి: ఒక ఇంటి లెక్క

హెడ్ లెక్కలో ఇంట్లోని పైపులన్నీ కలపనక్కర్లేదు. పంపు నుంచి అన్నిటికంటే ఎక్కువ అడ్డున్న రేడియేటర్‌కు పోయి వచ్చే ఒక్క దారిని లెక్కిస్తే చాలు, సాధారణంగా అది అన్నిటికంటే దూరంలో ఉన్నదే. మిగతా దారులన్నీ దానికంటే సులువైనవే కాబట్టి దానికి సరిపోయిన ఒత్తిడి వాటికీ సరిపోతుంది.

అదే 8 కిలోవాట్ల ఇంట్లో దూరపు రేడియేటర్‌కు పోను 22 మీటర్లు, రాను 22 మీటర్లు అనుకుందాం, మొత్తం 44. సరిగ్గా సైజు చేసిన పైపులో మీటరుకు సుమారు 100 పాస్కల్ రాపిడి ఉంటుంది, అంటే 4,400. వంపులకూ, పైపు చీలే టీ జాయింట్లకూ ఇంకో సగం కలిపితే 6,600. గది వేడెక్కితే తనంతట తానే మూసుకునే థర్మోస్టాటిక్ వాల్వుకూ, రేడియేటర్ రెండో చివరనున్న లాక్‌షీల్డ్ వాల్వుకూ కలిపి 10,000. బాయిలర్ లోపలి దారికి 3,000. అన్నీ కలిపితే 19,600 పాస్కల్, అంటే సరిగ్గా 2 మీటర్లు.

గంటకు 344 లీటర్లు, 2 మీటర్ల హెడ్. ఈ పనికి నీటికి అందాల్సిన శక్తి 2 వాట్లలోపే. 6 మీటర్ల పంపును మూడో స్పీడులో వదిలేసిన ఇళ్లలో అవసరానికి మించిన ఒత్తిడి ఎంతుందో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు.

ఇక ఇదే ఇంట్లో పైపులు మార్చకుండా బాయిలర్ స్థానంలో హీట్ పంపు పెట్టి, 5 డిగ్రీల తేడా కావాలంటే? ప్రవాహం నాలుగింతలు, రాపిడి పదింతలకు పైగా, పదహారింతల దాకా. 2 మీటర్లు కాస్తా 20 నుంచి 30 మీటర్లవుతుంది. ఇంటి పంపులేవీ అంత ఇవ్వలేవు, ఇచ్చినా వాల్వుల చప్పుడు భరించలేం. 22 మిల్లీమీటర్ల రాగి పైపులో 344 లీటర్లు సెకనుకు 0.3 మీటర్ల వేగంతో పోతాయి. 1,376 లీటర్లయితే 1.2 మీటర్లు, అక్కడ నీటి హోరు వినిపించడం మొదలవుతుంది. 28 మిల్లీమీటర్ల పైపు వేస్తే అదే ప్రవాహం 0.7 మీటర్లకు దిగుతుంది. హీట్ పంపు పెట్టినచోట పంపు సెట్టింగుతో తీరని సమస్యలు చాలావరకు ఈ పైపు సైజు దగ్గరే తేలతాయి. పైపు మార్చడం కుదరనప్పుడు 7 లేదా 8 డిగ్రీల తేడాతో నడపడం ఒక రాజీ. 8 కిలోవాట్లకు 8 డిగ్రీల తేడా అంటే 860 లీటర్లు, 22 మిల్లీమీటర్ల పైపు దాన్ని హాయిగా మోస్తుంది. యూనిట్ కోరే కనీస ప్రవాహం దానికంటే తక్కువైతేనే ఈ రాజీ చెల్లుతుంది.

## పంపు మీది బొమ్మల అర్థం

స్థిర వేగం. రోమన్ అంకెల్లో ఒకటి, రెండు, మూడు అని ఉండేవి ఇవే. సిస్టమ్‌లో ఏం జరుగుతున్నా పంపు ఒకే వేగంతో తిరుగుతుంది. గదులు వేడెక్కి థర్మోస్టాటిక్ వాల్వులు ఒక్కొక్కటే మూసుకుంటుంటే ప్రవాహం తగ్గుతుంది, పంపు ఇచ్చే హెడ్ పెరుగుతుంది. ఇంకా తెరిచి ఉన్న ఒకటి రెండు వాల్వుల మీద ఆ ఒత్తిడంతా పడుతుంది. వాల్వు మీద ఒత్తిడి సుమారు 20 కిలోపాస్కల్ దాటితే సన్నని ఈల లాంటి చప్పుడు మొదలవుతుంది. అర్ధరాత్రి పడగ్గది రేడియేటర్ బుసకొట్టడానికి మామూలు కారణం ఇదే. వాల్వులు లేని చోట, ఒకే పైపు మీద రేడియేటర్లు వరుసగా ఉండే పాత పద్ధతిలో, బఫర్ ట్యాంకు (వేడి నీటిని నిల్వ ఉంచే ట్యాంకు) నింపే చుట్టులో ప్రవాహం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి స్థిర వేగం సరిపోతుంది.

స్థిర పీడనం. బొమ్మలో అడ్డంగా తిన్నని గీత ఉంటుంది. మీరు 2 మీటర్లు పెడితే, వాల్వులు తెరిచినా మూసినా పంపు తన వేగం మార్చుకుంటూ 2 మీటర్లనే నిలబెడుతుంది.

అనుపాత పీడనం. బొమ్మలో వాలుగా ఉన్న గీత. ప్రవాహం తగ్గేకొద్దీ హెడ్ కూడా తగ్గుతుంది. చాలా పంపుల్లో ప్రవాహం సున్నాకు చేరేసరికి హెడ్ మీరు పెట్టినదాంట్లో సగానికి వస్తుంది. 3 మీటర్లు పెడితే చివరికి 1.5 మీటర్లు.

ఈ చివరి రెంటిలో ఏది ఎంచుకోవాలన్నదాని మీదే ఎక్కువ వాదన. రాపిడి ఎక్కడ ఖర్చవుతోందో చూస్తే జవాబు దొరుకుతుంది. పొడవైన పైపుల మీద రేడియేటర్లున్న ఇంట్లో ఒత్తిడిలో పెద్ద భాగం అందరూ పంచుకునే ప్రధాన పైపుల్లో పోతుంది. సగం రేడియేటర్లు మూసుకున్నాక ఆ పైపుల్లో ప్రవాహం సగమవుతుంది, రాపిడి నాలుగో వంతుకు పడుతుంది. మిగిలినవాటికి మునుపటంత ఒత్తిడి అక్కర్లేదు. పంపు తగ్గడమే మంచిది, కాబట్టి అక్కడ అనుపాత పీడనం.

నేల కింద గొట్టాలు పరిచిన ఇంట్లో లెక్క వేరు. గొట్టాలన్నిటికీ నీరు పంచే మ్యానిఫోల్డ్, పంపు పక్కనే ఉంటుంది, పంచుకునే పైపు చాలా తక్కువ. రాపిడంతా ఒక్కో గొట్టం లోపలే. లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లున్న 80 మీటర్ల గొట్టంలో నిమిషానికి 2 లీటర్లు పోతే సుమారు 11 కిలోపాస్కల్ రాపిడి వస్తుంది. మ్యానిఫోల్డ్ వాల్వులూ కలుపుకుంటే 1.5 నుంచి 2 మీటర్లు కావాలి. ఎనిమిది గొట్టాల్లో ఏడు మూసుకున్నా ఆ మిగిలిన ఒక్కదాని రాపిడి తగ్గదు, దానికి అంతే ఒత్తిడి కావాలి. అక్కడ అనుపాత పీడనం పెడితే హెడ్ సగానికి పడిపోయి ఆ గొట్టంలో ప్రవాహం 70 శాతానికి దిగుతుంది. ఇతర గదులు వేడెక్కాక కూడా ఒక స్నానాలగది మాత్రం గోరువెచ్చగానే మిగిలిపోయిందంటే ముందు చూడాల్సింది ఈ మోడ్. నేల హీటింగ్‌కు స్థిర పీడనమే సరి.

ఆటో. పేరు కంపెనీని బట్టి మారుతుంది, పని మాత్రం దాదాపు ఒకటే. పంపు కొన్ని రోజుల పాటు ప్రవాహం ఎలా మారుతోందో గమనించి అనుపాత గీతను పైకో కిందికో జరుపుకుంటుంది. బ్యాలెన్స్ చేసిన, అంటే ప్రతి రేడియేటర్‌కూ తగినంత నీరు పోయేలా వాల్వులు సర్దిన సిస్టమ్‌లో ఇది బాగానే పనిచేస్తుంది, ఎవరూ లెక్క కట్టని ఇంట్లో ఇదే మేలని చెప్పే ఫిట్టర్లున్నారు. వాళ్ల మాటలో బలముంది: మూడో స్పీడులో వదిలేయడం కంటే ఇది ఎప్పుడూ నయమే. ఆటోను ఒప్పుకోనివాళ్ల అభ్యంతరమూ బలమైనదే. పంపుకు తెలిసేది ప్రవాహం, ఒత్తిడి మాత్రమే. ఏ గది చల్లగా ఉందో, రిటర్న్ ఎంత వేడిగా వస్తోందో దానికి తెలియదు. వాల్వులు మూసుకుని ప్రవాహం తగ్గిందా, ఫిల్టర్‌లో మట్టి పట్టి తగ్గిందా అన్నది కూడా అది విడదీసి చూడలేదు. బ్యాలెన్స్ లేని ఇంట్లోనూ, నేల గొట్టాలూ రేడియేటర్లూ ఒకే పంపు మీద ఉన్న ఇంట్లోనూ చేత్తో పెట్టిన సెట్టింగే నమ్మదగినదని నా అభిప్రాయం.

ఇవేవీ కనిపించని పంపులూ ఉన్నాయి. బాయిలర్ లేదా హీట్ పంపు లోపలే అమర్చిన పంపుకు వేగం చెప్పేది ఆ యంత్రం కంట్రోలరే. అక్కడ మార్చాల్సింది యంత్రం మెనూలోని కనీస, గరిష్ఠ శాతాలు.

## బైపాస్ వాల్వుతో చిక్కు

అన్ని వాల్వులూ ఒకేసారి మూసుకుంటే బాయిలర్‌లో నీరు కదలక అతిగా వేడెక్కుతుంది. అలా కాకుండా ఫ్లో నుంచి రిటర్న్‌కు అడ్డదారి తెరిచేది ఆటోమేటిక్ బైపాస్ వాల్వు. ఒత్తిడి ఒక హద్దు దాటితే అది తెరుచుకుంటుంది. వాల్వులు మూసుకునేకొద్దీ హెడ్ పెంచే స్థిర వేగం పంపుతో దీనికి చక్కగా కుదురుతుంది.

స్థిర పీడనంలో పెట్టిన పంపు ఒత్తిడి పెంచదు. బైపాస్‌ను ఆ ఒత్తిడికి పైన పెడితే అది ఎప్పటికీ తెరుచుకోదు, కింద పెడితే ఎప్పుడూ తెరిచే ఉంటుంది. అనుపాత పీడనంలో అయితే తెరుచుకోవాల్సిన సమయానికే ఒత్తిడి పడిపోతుంది. పాత మూడు స్పీడుల పంపు తీసి కొత్తది పెట్టాక బాయిలర్ మాటిమాటికీ ట్రిప్ అవుతుంటే తప్పు కొత్త పంపుదే అనుకుంటారు, అసలు కారణం చాలాసార్లు ఇదే. ఇలాంటి చోట ఒక రేడియేటర్‌కు థర్మోస్టాటిక్ వాల్వు లేకుండా ఎప్పుడూ తెరిచి ఉంచుతారు, లేదా బఫర్ ట్యాంకు పెడతారు. ఎలా చేసినా పంపు సెట్టింగ్ మార్చిన రోజునే బైపాస్ అంకెనూ చూసుకోవాలి. ఫ్లో పైపు వేడెక్కగానే బైపాస్ పైపు కూడా వెంటనే వేడెక్కిందంటే అది అనవసరంగా తెరిచి ఉందన్నమాట.

## తేడాను ఎలా కొలుస్తారు

మంచి సెట్టింగుకు సాక్ష్యం పంపు మీద కాదు, పైపుల మీద ఉంటుంది. బాయిలర్ దగ్గర ఫ్లో పైపుకూ రిటర్న్ పైపుకూ ఒకే రకం క్లిప్ థర్మామీటర్లు రెండు తగిలిస్తారు. మెరిసే రాగి పైపును ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిస్తే అది చాలా తక్కువ చూపుతుంది, మెరుగు ఉపరితలం తన వేడిని సరిగా ప్రసరించదు కాబట్టి. ఆ చోట నల్లని ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టి, టేపు మీద కొలిస్తే అంకె నమ్మొచ్చు. క్లిప్ మీద గుడ్డ ముక్కో ఫోమో కప్పితే గాలి ప్రభావం కూడా పోతుంది.

కొలిచేముందు థర్మోస్టాటిక్ వాల్వులన్నీ పూర్తిగా తెరవాలి. బాయిలర్ ఆగుతూ వెలుగుతూ కాకుండా నిలకడగా మండుతూ ఉండాలి. సెట్టింగ్ మార్చాక అరగంట నుంచి గంట దాకా ఆగాలి. ఐదు నిమిషాలకోసారి బటన్ నొక్కితే వచ్చే అంకెలు ఏ సెట్టింగువో తెలియకుండా పోతుంది.

వచ్చిన అంకెను చదవడంలోనూ ఒక మెలిక ఉంది. 20 డిగ్రీల తేడా చలి తీవ్రంగా ఉన్న రోజుకు కట్టిన లెక్క. అదే ఇంటికి ఓ మోస్తరు చలి రోజున 4 కిలోవాట్లే కావాలి. ప్రవాహం 344 లీటర్లలోనే ఉంటే తేడా 10 డిగ్రీలకు దిగుతుంది. సెట్టింగ్ చెడిపోయిందని ఆరోజు పంపును తగ్గించేస్తే, అసలు చలి వచ్చిన రాత్రి నీరు చాలదు. తేడాను చూసేటప్పుడు బాయిలర్ ఎంత శక్తితో మండుతోందో కూడా చూడాలి. కొత్త పంపులు తెర మీద గంటకు ఎన్ని ఘనపు మీటర్లో చూపిస్తాయి. అది కొలిచిన అంకె కాదు, మోటారు వేగం, వాట్ల నుంచి కట్టిన అంచనా. చిన్న ప్రవాహాల దగ్గర దాన్ని పట్టుకుని గట్టిగా వాదించలేం.

## దూరపు గది చల్లగా ఉంటే

పంపు దగ్గరున్న రేడియేటర్ రిటర్న్ 58 డిగ్రీలు, దూరపు దాని రిటర్న్ 33 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. నీరు దగ్గరి దారిలోనే ఎక్కువగా పోతోందని దీనర్థం. పంపు పెంచితే రెండిటికీ నీరు పెరుగుతుంది, నిష్పత్తి మారదు. దూరపు గదికి కాస్త ఊరట దొరుకుతుంది, దానికోసం ఇల్లంతా అనవసర ప్రవాహం, వేడి రిటర్న్, చప్పుడు. అసలు మందు దగ్గరి రేడియేటర్ లాక్‌షీల్డ్ వాల్వును బిగించడం. పూర్తిగా మూసి, అక్కడి నుంచి పావు చుట్టు, అర చుట్టు తెరుస్తూ, రేడియేటర్లన్నిటి తేడా దగ్గరదగ్గరగా వచ్చేదాకా చేస్తారు. దూరపుదాన్ని పూర్తిగా తెరిచి ఉంచుతారు. నేల గొట్టాలకైతే మ్యానిఫోల్డ్ మీది ఫ్లో మీటర్లలో నిమిషానికి ఎన్ని లీటర్లో నేరుగా కనిపిస్తుంది.

బ్యాలెన్స్ అయ్యాకే పంపు వంతు. దూరపు రేడియేటర్ ఇంకా సరిగా వేడెక్కుతున్న అతి తక్కువ సెట్టింగే ఆ ఇంటి సెట్టింగ్. ముందు పంపును తగ్గించి తర్వాత బ్యాలెన్స్ చేయబోతే రెండు పనులూ మళ్లీ మొదటికొస్తాయి.

మరీ తగ్గించినా ప్రమాదమే. బాయిలర్‌లో తేడా పెరిగిపోయి అది రక్షణ కోసం ఆగిపోతుంది, మళ్లీ వెలుగుతుంది, మళ్లీ ఆగుతుంది. లోపల నీరు అక్కడక్కడా మరిగి కెటిల్ లాంటి గుడగుడ చప్పుడు వస్తుంది. పైన చిన్న ట్యాంకుతో ఉండే ఓపెన్ సిస్టమ్‌లో మరీ పెంచినప్పటి ప్రమాదం ఇంకోటి: పంపు నీటిని వెంట్ పైపు గుండా ట్యాంకులోకి తోసేస్తుంది, అలా పడే నీరు గాలిని కలుపుకుని వచ్చి రేడియేటర్లను లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది.

## కరెంటు ఖర్చు

పాత స్థిర వేగం పంపు 80 వాట్లు తీసుకుంటూ ఏడాదికి 5,000 గంటలు నడిస్తే 400 యూనిట్లు. శాశ్వత అయస్కాంతం మోటారున్న కొత్త పంపు అదే పనికి 15 వాట్లు తీసుకుంటే 75 యూనిట్లు. ఐరోపా సమాఖ్య 2013 జనవరి 1 నుంచి విడిగా అమ్మే ఇలాంటి పంపుల సామర్థ్య సూచిక (ఎంత తక్కువైతే అంత పొదుపు) 0.27 దాటకూడదని నియమం పెట్టింది. 2015 ఆగస్టు 1 నుంచి ఆ హద్దును 0.23కు దించి, బాయిలర్ల లోపల అమర్చేవాటికీ వర్తింపజేసింది. మూడు స్పీడుల పాత పంపులు అక్కడి దుకాణాల నుంచి మాయమైంది అందుకే. పంపు ఇప్పటికే 15 వాట్ల దగ్గరుంటే దాన్ని ఇంకా తగ్గించి మిగిలే కరెంటు స్వల్పం. అక్కడ సెట్టింగ్ సరిచేయడం వల్ల వచ్చే అసలు లాభం బాయిలర్ లేదా హీట్ పంపు సామర్థ్యంలో ఉంటుంది.

## సెట్టింగ్ మార్చినా ఏమీ మారనప్పుడు

అంకె మార్చినా తేడా కదలకపోతే దారిలో ఎక్కడో అడ్డుంది. తెర మీద వాట్లు బాగా పడిపోయి ప్రవాహం సున్నా దగ్గరుంటే ఏదో వాల్వు మూసి ఉంది, లేదా ఫిల్టర్ నిండిపోయింది. నీరు కదలనప్పుడు ఈ రకం పంపు ఎక్కువ కాదు, తక్కువ కరెంటు తీసుకుంటుంది. గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడొస్తే గాలి చేరింది. చల్లగా ఉన్నప్పుడు సిస్టమ్ ఒత్తిడి 1 నుంచి 1.5 బార్ మధ్య ఉందో లేదో చూసి, రేడియేటర్ల గాలి తీసి, పంపును పది నిమిషాలు గరిష్ఠ స్పీడులో నడిపితే చాలావరకు పోతుంది. పంపు షాఫ్ట్ నేలకు సమాంతరంగా ఉండాలి. నిలువుగా బిగిస్తే బేరింగ్‌లో గాలి నిలిచిపోయి, నీళ్లే కందెనగా ఉండాల్సిన చోట అది పొడిగా తిరుగుతుంది.

ఒక్క రేడియేటర్ మాత్రమే చల్లగా ఉంటే థర్మోస్టాటిక్ వాల్వు తల విప్పి కింది పిన్నును చూస్తారు. నెలల తరబడి మూసి ఉన్నచోట ఆ పిన్ను కిందే పట్టేసుకుని ఉంటుంది. ఇల్లంతా చల్లగా ఉండి పంపు మాత్రం గూంమంటుంటే రోటర్ పట్టేసిందని అర్థం, చాలా పంపుల్లో మధ్యలోని స్క్రూను తిప్పి దాన్ని వదిలించొచ్చు. విద్యుత్తు ఆపి, నీరు చల్లారాకే ఆ పని చేయాలి. రోటర్ చుట్టూ ఉన్నది సిస్టమ్ నీరే, వేడిగా ఉన్నప్పుడు స్క్రూ విప్పితే చేతి మీదికి చిమ్ముతుంది. పాత పైపుల్లోని నల్లని ఇనుప మట్టి కొత్త పంపు రోటర్‌లోని అయస్కాంతానికి అతుక్కుని మళ్లీ మళ్లీ పట్టేసేలా చేస్తుంది, కాబట్టి కొత్త పంపు బిగించేముందే సిస్టమ్ కడిగి రిటర్న్ పైపు మీద మాగ్నెటిక్ ఫిల్టర్ పెడతారు.